తెల్లగొడుగు ఎవరు?

పోయిన వారం అక్కను కంప్యూటరు ముందు, చల్లారిపోయిన టీ పక్కన వదిలి వచ్చాం. పక్షవాతంతో భర్తకు మాట పడిపోయాక ఆమె 'మాటకు ముందు' అని ఒక బ్లాగు రాయడం మొదలుపెట్టింది. మొదట్లో పలకరించే దిక్కు లేని ఆ బ్లాగు చుట్టూ ఇప్పుడు ఒక గుంపు చేరింది. అందరూ ఇంట్లో ఒక మాటలేని మనిషిని పెట్టుకున్నవాళ్ళే. ఒకసారి ఎక్కడైనా కలుసుకుందామని అనుకుంటున్నారు. వాళ్ళందరూ అందరికన్నా ముందు చూడాలనుకుంటున్నది 'తెల్లగొడుగు' అనే పేరుతో కామెంట్లు రాసే ఆవిడను. ఆవిడ భర్తకూ మాట పడిపోయింది, కానీ మూడో ఏట తిరిగి వచ్చింది. ఆ ఒక్క కబురును పట్టుకుని ఎన్నో ఇళ్ళలో ఎందరో రోజులు నెట్టుకొస్తున్నారు. కలుసుకోవడం అనేసరికి మాత్రం ఆవిడ ఏదో ఒక సాకు చెప్పి పక్కకు తప్పుకుంటోంది. అలాంటి సమయంలో, ఆవిడ మరొకరికి రాసిన జవాబులో ఒక వాక్యం అక్క కంటపడింది: "మా ఆయనకు కిటికీ తెరవాలనిపిస్తే కర్టెను వైపు ఉఫ్‌మని ఊదేవారు."

కర్టెను వైపు ఊదేది అక్క భర్త. ఆ సంగతి ఆమె బ్లాగులో ఎప్పుడూ రాయలేదు. ఎవరితోనూ అనలేదు. ఆయన బుగ్గలు పొంగించి ఊదడం చూసి, నవ్వి, లేచి వెళ్ళి కిటికీ తెరిచిన మనిషి అక్క కాకుండా ఇంకొక్కరే ఉన్నారు.

ఆ ఇంకొకరు, ఆమె చెల్లెలు, శనివారం మధ్యాహ్నం ఎప్పటిలాగే వచ్చింది. ఒక చేతిలో నారింజపళ్ళ సంచీ, భుజానికి బ్యాగు, మూడంతస్తులు మెట్లెక్కిన ఆయాసం. ఆ భవనానికి లిఫ్టు లేదు. ఊళ్ళో సగం లిఫ్టులు బాగుచేసిన మనిషి లిఫ్టు లేని ఇంట్లో మంచానపడ్డాడని చెల్లెలు వచ్చిన ప్రతిసారీ అంటుంది, బావ ప్రతిసారీ ఎడమవైపు పెదవితో నవ్వుతాడు. ఈసారి కూడా అంది. ఆయన నవ్వాడు. తర్వాత ఆమె బ్యాగులోంచి గోళ్ళు తీసే కత్తెర తీసి మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఆయన కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. ముడుచుకుపోయిన ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పుతూ, ఆఫీసు కబుర్లు చెబుతూ గోళ్ళు తీయడం మొదలుపెట్టింది.

అక్క గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఆ వాక్యం చదివినప్పటినుంచీ ఆమె ఈ గడియ గురించే ఆలోచిస్తోంది. కోపంతో ఊగిపోతాననుకుంది. కానీ కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. పొద్దున లేచి భర్తకు ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, జావ తాగించి, కింద కళ్ళజోళ్ళ షాపులో మధ్యాహ్నం దాకా జనం ముక్కుల మీద ఫ్రేములు సరిచేసి, మధ్యమధ్యలో పైకి పరుగెత్తి ఆయన్ను చూసుకుని వచ్చిన మనిషి ఆమె. మోకాళ్ళు లాగుతున్నాయి. ఈ మాట అడగకుండా వదిలేస్తే ఏమవుతుంది అని కూడా ఒక క్షణం అనిపించింది. తెల్లగొడుగు తెల్లగొడుగులాగే ఉండిపోతుంది. రేపు పొద్దున కంప్యూటరు తెరిస్తే ఆవిడ పలకరింపు ఉంటుంది.

చెల్లెలు గోళ్ళ ముక్కలు కాగితంలో పొట్లం కట్టి వంటింట్లోకి వచ్చింది. చేతులు కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే సింకులో ఉన్న కప్పులు తోమడం మొదలుపెట్టింది.

"తెల్లగొడుగు నువ్వేనా?" అంది అక్క.

ఆమె గొంతు మామూలుగానే ఉంది. టీలో చక్కెర వేయనా అని అడిగినట్టే ఉంది. చెల్లెలి చేతిలో కప్పు ఆగింది. కాదనలేదు, ఎందుకలా అడిగావనలేదు. తోమిన కప్పునే మళ్ళీ తోమింది, కడిగి బోర్లించింది, కుళాయి కట్టేసింది.

"ఎలా తెలిసింది?" అంది చివరికి.

అక్క నోటితో చెప్పలేదు. పెదవులు గుండ్రంగా చేసి ఉఫ్‌మని ఊది చూపించింది. చెల్లెలు కళ్ళు మూసుకుంది. ఆ వాక్యం రాసేటప్పుడే ఆమెకు ఏదో అనుమానంగా ఉందట. కానీ రాసింది ఆఫీసులో, భోజనాల వేళ, గబగబా. అందులోనూ తెల్లగొడుగు భర్త గురించి రాసి రాసి, ఏది బావ సంగతో, ఏది తాను కల్పించిందో ఆమెకే కలిసిపోయింది.

ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. చెల్లెలు మొదటినుంచీ చెప్పుకొచ్చింది. తలెత్తకుండా, బల్ల మీద తడి వేలితో గీతలు గీస్తూ చెప్పింది.

బ్లాగు పెట్టమని పోరుపెట్టింది ఆమే. అక్క ఎవరితోనూ మాట్లాడటం మానేసిన రోజులవి. ఫోను చేస్తే ఆ, ఊ తప్ప జవాబుండేది కాదు. నోటితో చెప్పకపోతే పోనీ, రాయమంది. అక్క రాసింది. పడిపోయిన చేతికి ముందు చొక్కా వేసి, తర్వాత మంచి చేతికి వేస్తే పని ఎంత తేలికో రాసింది. నీళ్ళు పల్చగా ఉంటే ఊపిరిలోకి పోయి పొలమారుతుందని, కాస్త చిక్కగా చేసి చెంచాతో పట్టాలని రాసింది. మాట రాని మనిషి ముందు ఆయన గురించి ఇంకొకరితో మాట్లాడకూడదని ఒక రోజంతా కూర్చుని రాసింది. అన్నీ పనికొచ్చే సంగతులే. చదివినవాళ్ళు చదివి వెళ్ళిపోయారు. ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. రోజూ షాపుకు దిగే ముందు అక్క కంప్యూటరు తెరిచి కింద చూసుకునేది. ఏమీ లేదని కనబడ్డాక మెల్లగా మూసేసేది. అలా మూసేయడం ఒక శనివారం చెల్లెలు చూసింది.

చెల్లెలిది వాషింగ్ మిషన్ల కంపెనీలో జనం పంపే ఫిర్యాదులకు జవాబులు రాసే ఉద్యోగం. జనం నోరు ఎప్పుడు విప్పుతారో ఆమెకు కొంత తెలుసు. పోస్టు చివర ఒక ప్రశ్న పెట్టమని అక్కకు చెప్పింది. మీ అభిప్రాయం ఏమిటని పెద్దగా అడిగితే ఎవరూ చెప్పరు, చేతికి అందేది అడగమంది. మీ ఇంట్లో వేసేది గుండీల చొక్కానా, తలమీంచి వేసేదా అని అడగమంది. అక్క అలాగే అడిగింది. అయినా ఎవరూ పలకలేదు. ఖాళీ హాల్లో ముందు వరసలో కూర్చోవడానికి ఎవరికైనా మొహమాటమే. ఒకరు కూర్చుంటే పక్కన ఇంకొకరు కూర్చుంటారు. అందుకని చెల్లెలు తానే కూర్చుంది. బస్సులో వస్తుంటే అద్దంలోంచి ఎవరో తెల్లగొడుగు వేసుకుని పోతూ కనబడ్డారు. ఆ పేరే పెట్టుకుని రాసింది: గుండీల చొక్కానే, కాకపోతే గుండీలు తీయించి అంటుకునే పట్టీ కుట్టించాను.

"ఆ పూట నువ్వే ఫోన్ చేశావు, గుర్తుందా?" అంది చెల్లెలు. "ఎవరో రాశారే, ఎవరో రాశారే అని. బావ పడ్డాక నీ అంతట నువ్వు నాకు ఫోన్ చేయడం అదే మొదలు. ఇంకెలా ఆపమంటావు?"

అక్కకు గుర్తుంది. ఆ పూట ఆమె పాత చొక్కాలకు గుండీలు తీసి పట్టీలు కుట్టుకుంటూ కూర్చుంది కూడా. ఇప్పుడు లోపల ఆయన ఒంటిమీద ఉన్నది అలాంటి చొక్కానే.

తర్వాత నిజంగానే మనుషులు వచ్చారు. ఫ్యాక్టరీలో పనిచేస్తూ తండ్రిని చూసుకునే ఒక అమ్మాయి 'రెండో షిఫ్టు' అన్న పేరుతో వచ్చింది. మా అత్తగారికి మాట పోయాక ఇంట్లో మొదటిసారి నా మాట వినబడుతోందని రాసి అందరినీ నవ్వించి, ఆ వెంటనే అలా నవ్వినందుకు ఏడ్చానని రాసిన ఒక కోడలు వచ్చింది. బేకరీ నడుపుకునే ఒక పెద్దాయన, మాట పోయిన భార్యను పిండి కలిపే బల్ల పక్కనే కుర్చీలో కూర్చోబెట్టుకుని పని చేసుకునే మనిషి, 'బేకరీ మాస్టరు' పేరుతో వచ్చాడు. అక్క ఎవరి కామెంటునూ జవాబు లేకుండా వదల్లేదు. ఎవరింట్లో ఎవరికి బాగాలేదో, ఎవరికి పోయినసారి పొలమారిందో గుర్తుపెట్టుకుని అడిగేది. నాలుగు రోజులు ఎవరైనా కనబడకపోతే ఏమైపోయారని కింద ఒక ముక్క రాసి పెట్టేది. ఆ ముక్క చూసి వాళ్ళు తిరిగి వచ్చేవాళ్ళు. క్రమంగా ఆమె జవాబు ఇవ్వకముందే వాళ్ళలో వాళ్ళు జవాబులు ఇచ్చుకోవడం మొదలైంది.

"అప్పుడు ఆపొచ్చు కదే," అంది అక్క. "మనుషులు వచ్చారుగా. అప్పుడు ఆ గొడుగు మూసేయొచ్చు కదా."

మూసేద్దామనే అనుకుందట చెల్లెలు. ఊరు మారుతున్నామని చెప్పి తెల్లగొడుగును మెల్లగా పంపించేద్దామనుకుంది. కానీ ఆ వారంలోనే అక్క ఫోను చేసి, ఇంక ఆయనతో మాట్లాడటం మానేశానని చెప్పింది. నోటి కసరత్తులు చేయించడం లేదు, పేపరు చదివి వినిపించడం లేదు, గోడతో మాట్లాడి మాట్లాడి నా నోరు ఎండిపోయింది అంది. ఆ గొంతు విని చెల్లెలికి భయం వేసింది. ఆ భయంలోనే రాసింది, తెల్లగొడుగు భర్తకు మూడో ఏట మాట వచ్చిందని. అప్పటిదాకా తెల్లగొడుగు భర్తకు మాట తిరిగి వచ్చిందనీ లేదు, రాలేదనీ లేదు. అతని సంగతి ఆమె ఏమీ తేల్చలేదు. ఆ పూట తేల్చేసింది. వచ్చిన మొదటి మాట 'చాలు' అని కూడా కల్పించింది.

అది చదివిన మర్నాడే అక్క కసరత్తులు మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన నాలుకను అద్దం ముందు అటూ ఇటూ తిప్పించింది. చెంచా పెట్టే ప్రతిసారీ ఆగి, 'చాలు' అంటాడేమోనని ఆయన పెదవుల వైపు చూసింది. ఒక ఏడాది పైగా, ప్రతి చెంచాకూ చూసింది.

"ఇంకెంతమంది నువ్వు?" అంది. "రెండో షిఫ్టు కూడా నువ్వేనా? ఆ కోడలు కూడానా?"

చెల్లెలు ఒట్టేసి చెప్పింది. తాను ఒక్క మనిషినేనని, మిగతావాళ్ళంతా నిజం మనుషులేనని చెప్పింది. అక్క నమ్మిందో లేదో ఆమె ముఖంలో తెలియలేదు. అసలు ఆమెను తొలుస్తున్నది అది కాదు. అసలు సంగతి అడగడానికి ఆమెకు ఇంకాస్త సమయం పట్టింది.

కామెంట్లలో అక్క అందరూ చదవదగ్గవే రాసేది. కానీ తెల్లగొడుగుకు ఆమె విడిగా మెయిళ్ళు కూడా రాసింది. ముఖం తెలియని మనిషి అన్న ధైర్యంతో, తన కష్టం ఆవిడ దాటి వచ్చిన కష్టమే అన్న నమ్మకంతో రాసింది. ఒక్కోసారి పొద్దున గదిలోకి వెళ్ళబోయే ముందు, ఆయన నిద్రలోనే పోయి ఉంటే బాగుండునని అనిపిస్తుందని రాసింది. అనిపించాక తలుపు తీయడానికి చెయ్యి రాదని రాసింది.

"ఆయన నిద్రలోనే పోతే బాగుండునని రాశాను. అది చదివావు," అంది అక్క.

"చదివాను."

"చదివి, శనివారం వచ్చి, నా ఎదురుగా కూర్చుని టీ తాగావు."

"శనివారం దాకా ఆగలేదు అక్కా. ఆ పొద్దునే వచ్చాను. ఆఫీసుకు జ్వరమని అబద్ధం చెప్పి వచ్చాను. నిన్ను పడుకోబెట్టి, రోజంతా బావ దగ్గర నేను కూర్చున్నాను. నువ్వు సాయంత్రం దాకా లేవలేదు."

అక్కకు అదీ గుర్తుంది. ఆ సాయంత్రం లేచాక తెల్లగొడుగుకు మెయిలు రాసింది, ఇవాళ మా చెల్లి ఎవరో పిలిచి పంపినట్టు వచ్చిందండీ అని. చెల్లెళ్ళు అలాంటివాళ్ళేనండీ అని తెల్లగొడుగు జవాబు రాసింది. అది తలుచుకుని అక్కకు నవ్వు రాబోయింది. వచ్చిన నవ్వు గొంతులోనే ఎటో తిరిగి, కళ్ళలోకి నీళ్ళయి వచ్చింది. ఆమె చెంగుతో కాకుండా, చేతికి దొరికిన మసిగుడ్డతో తుడుచుకుంది.

అంతకుముందు ఒకసారి తెల్లగొడుగుకు చెల్లెలి గురించి కూడా ఫిర్యాదు చేసింది. మా చెల్లి వచ్చినప్పుడల్లా సలహాలు మోసుకొస్తుంది, ఒక గిన్నె మాత్రం తోమదు అని. ఆ తర్వాతి వారం నుంచే చెల్లెలు సలహాలు మానేసింది. వస్తూనే సింకు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. వయసుతో బుద్ధి వచ్చిందని అక్క అనుకుంది. పిల్ల ఎంత మారిపోయిందో అని మురిసిపోయి, ఆ మురిపెం కూడా తెల్లగొడుగుకే రాసుకుంది.

"నాకు ఒక్క స్నేహితురాలు ఉందనుకున్నానే," అంది అక్క. "ఈ ఇంటితో సంబంధం లేని మనిషి. నన్ను చూసి జాలిపడాల్సిన పనిలేని మనిషి. పొద్దున్నే లేవడానికి నాకు ఆవిడ ఉంది అనుకున్నాను. ఇప్పుడు ఆవిడ లేదు. నువ్వున్నావు. నువ్వు ఎప్పుడూ ఉన్నావు, అది వేరే."

చెల్లెలు ఏదో సర్దిచెప్పబోయింది. బావ చేసింది మాత్రం ఏమిటని అంది. లిఫ్టు మధ్యలో ఆగిపోయి జనం ఇరుక్కుంటే, బావ బయట నిలబడి వాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. లోపలివాళ్ళు ఏడుస్తుంటే, ఇదిగో రెండు నిమిషాల్లో తెరుచుకుంటుంది అనేవాడు. ఎప్పుడు తెరుచుకుంటుందో ఆయనకూ తెలియదు. అయినా అనేవాడు. భోజనం దగ్గర ఆ కథలన్నీ తానే చెప్పి నవ్వించేవాడు. తాను చేసిందీ అదే అంది చెల్లెలు.

"మీ బావ తలుపు తెరిచేవారు," అంది అక్క. "మాట్లాడుతూనే చేతులతో పని చేసేవారు. నువ్వు తెరవలేవు కదే. ఎవరూ తెరవలేరు. మమ్మల్నందరినీ లోపలే ఉంచి, రెండు నిమిషాలు, రెండు నిమిషాలు అంటూ కూర్చున్నావు."

చెల్లెలు బల్ల మీద తాను గీసిన తడి గీతలను అరచేత్తో తుడిచేసింది.

అప్పుడు అక్క లేచి, కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ పొద్దున బేకరీ మాస్టరు రాసిన కామెంటు తెరిచి చెల్లెలి వైపు తిప్పింది. ఆయన గుండెలో కవాటం పాడయిందని, వెంటనే ఆపరేషను చేయించుకోవాలని డాక్టర్లు చెప్పారని అందరికీ తెలుసు. వచ్చే వారమే ఆసుపత్రిలో చేరాలి. ఆ కొన్నాళ్ళూ భార్యను చూసుకోవడానికి ఆయన మేనకోడలు వస్తానంది. కానీ ఆయన ఇలా రాశాడు: "మా ఆవిడకు మూడో ఏడు నడుస్తోంది. తెల్లగొడుగు గారి ఇంట్లో జరిగింది మా ఇంట్లోనూ జరగొచ్చు. ఇలాంటప్పుడు కసరత్తులు మధ్యలో వదిలేసి నేను ఆసుపత్రి మంచమెక్కలేను. ఆపరేషను వాయిదా వేయమన్నాను. డాక్టరుగారు కోప్పడ్డారు. కోప్పడనీ." దాని కింద అప్పటికే నలుగురు ఆయన్ను మెచ్చుకున్నారు. తెల్లగొడుగు గారు ఏమంటారో చూద్దాం అని కూడా ఒకరు రాశారు.

చెల్లెలు చదివి తెల్లబోయింది. ఆ పొద్దున ఆమె ఇంకా బ్లాగు చూడలేదు. వెంటనే ఫోను తీసి, ఇప్పుడే తెల్లగొడుగు పేరుతో రాసేస్తానంది. ఆపరేషను చేయించుకోండి మాస్టారూ, మాట ఎక్కడికీ పోదు, మా ఆయన నేను ఊళ్ళో లేనప్పుడే మాట్లాడారు అని రాస్తానంది. ఆమె వేళ్ళు అప్పుడే అక్షరాల మీద తిరుగుతున్నాయి.

అక్క చెయ్యి చాపి ఆ ఫోను తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఇంకొకటి కల్పించకు," అంది. "దీన్ని నిలబెట్టడానికి దానికొకటి, దానికింకొకటి. నాకు ఓపిక లేదు. నిజం నేనే రాస్తాను."

రాస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఒక్క మనిషి అబద్ధమని తేలితే, రేపటినుంచి అక్కడ ప్రతి మనిషీ పక్కవాణ్ణి అనుమానంగా చూస్తాడు. ఇన్నాళ్ళు ఒక్కొక్క ముక్కా రాసి పోగుచేసుకున్న గుంపు చెదిరిపోతుంది. పైగా మీ చెల్లెలు చేసింది మీకు తెలియదంటే మేం నమ్మాలా అని ఎవరో ఒకరు అడిగే తీరతారు. రెండో షిఫ్టు అమ్మాయి రెండు పనుల మధ్య బస్సులో నిలబడి ఆ కామెంట్లే చదువుకుంటుంది. ఆమె ఏమవుతుంది? ఇవన్నీ చెల్లెలు మెల్లగా అంది. అక్క అన్నింటికీ తల ఊపింది. అయినా బేకరీ మాస్టరుకు బతికుండటం కావాలి కదా అంది. ఆ తర్వాత ఎవరు ఉంటే వాళ్ళు ఉంటారు, ఎవరూ లేకపోతే మొదట్లో లాగే తానొక్కతే రాసుకుంటుంది.

అప్పుడు లోపలి గదిలో మంచం కిర్రుమంది.

వంటింటికీ ఆ గదికీ మధ్య ఉన్నది తలుపు కాదు, ఒక సన్నటి కర్టెను. ఆయనకు మాట పోయింది గానీ వినికిడి పోలేదు. మాట రాని మనిషి ముందు ఆయన గురించి ఇంకొకరితో మాట్లాడకూడదని రాసింది తానేనని అక్కకు అప్పుడు తట్టింది. నిద్రలోనే పోతే బాగుండునన్న మాట ఈ బల్ల దగ్గర ఎంత గట్టిగా అందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. గుర్తు రాలేదు.

ఆమె వెళ్ళి మంచం పక్కన నిలబడింది. ఆయన మెలకువగానే ఉన్నాడు. చెల్లెలు శుభ్రం చేసిన కుడిచెయ్యి దుప్పటి మీద తెల్లగా, పనిలేకుండా పడి ఉంది. ఆయన ఆమె వైపే చూశాడు. ఆ చూపు ఏమంటోందో ఆమెకు తెలియలేదు. నీళ్ళు కావాలన్నా, పక్క మార్చాలన్నా, టీవీలో పాట నచ్చకపోయినా ఆ ముఖంలో ఇట్టే చదివేసే మనిషి ఆమె. ఇప్పుడు మాత్రం తెలియలేదు.

"విన్నారు కదా," అంది. "అనిపించిన మాట నిజం. అది ఎక్కువసేపు ఉండేది కాదు. అదీ నిజమే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె దుప్పటి భుజాల దాకా లాగి, ఇవతలికి వచ్చేసింది.

చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చినట్టుంది. అక్క ఆమెను దగ్గరికి తీసుకోలేదు, దూరంగా ఉండమనీ అనలేదు. పక్కన కుర్చీ జరిపి, బ్లాగులో రాసే ముందు మాస్టరుతో నోటితోనే చెప్పాలి, ఆయన పది మందిలో చదివి తెలుసుకోకూడదు అంది. అందరూ కలుసుకుందామనుకున్నప్పుడు ఆయన తన ఫోను నంబరు ఇచ్చి, అక్క నంబరు తీసుకుని ఉన్నాడు. తానూ మాట్లాడతానని, తప్పు తనదని తానే చెబుతానని చెల్లెలు అంది. అక్క ఫోను ఇద్దరికీ వినబడేలా బల్ల మధ్యలో పెట్టి నంబరు నొక్కింది. ఏమని మొదలుపెట్టాలో మనసులో రెండుసార్లు అనుకుంది. మాస్టారూ, మీతో ఒక చేదు సంగతి చెప్పాలి. అంతే. అక్కడనుంచి అదే వస్తుంది.

అవతల వెంటనే ఎత్తారు. బేకరీలో ఏదో యంత్రం చప్పుడు, రేకులు జరుపుతున్న చప్పుడు. అక్క తన పేరు చెప్పేలోపే ఆయన గుర్తుపట్టాడు.

"అమ్మా, మీకు నూరేళ్ళు. నేనే చేద్దామనుకుంటున్నాను," అన్నాడు. "మా ఆవిడ మాట్లాడిందమ్మా. ఇందాకే. పాలలో బన్ను ముంచి పెడుతుంటే వద్దంది. నిజంగా అమ్మా. వద్దు అని."

ఆయన ఆగలేదు. ఆ మాట వినగానే ఆసుపత్రికి ఫోను చేశానని చెప్పాడు. వాయిదా కాదు, ఆపరేషను అసలే వద్దని చెప్పేశాడు. మేనకోడలికి కూడా రావద్దని కబురు పెట్టాడు. ఇప్పుడు వదిలిపెట్టి వెళితే వచ్చిన మాట మళ్ళీ పోతే ఎలాగమ్మా అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక ఆగాడు.

"ఉండండి, మీరే వినండి. ఫోను తన దగ్గర పెడతాను."

యంత్రం ఆగింది. కుర్చీ జరిగింది. ఏదో ఒకటి అను, అక్కగారు వింటున్నారు, ఏదీ, వద్దు అను అని ఆయన బతిమాలడం దూరంగా వినబడింది. తర్వాత ఆ గొంతు వచ్చింది. లోపలినుంచి లాగినట్టు పొడుగ్గా ఒక మూలుగు, చివర్లో పెదవులు మూసుకున్న చిన్న చప్పుడు.

అక్కకు ఆ చప్పుడు తెలుసు. పక్క మార్చేటప్పుడు లోపలి గదిలోంచి రోజూ వచ్చే చప్పుడు అది. మొదటి ఏడాది ఆమెకు అందులో ఎన్నో మాటలు వినబడ్డాయి. ఒకసారి తన పేరు కూడా వినబడింది. అది మాట కాదని నమ్మడానికి ఆమెకు నెలలు పట్టింది.

బల్ల అవతల చెల్లెలు కూడా విన్నది. ఆమెకూ అర్థమైంది. అక్క ఆమె వైపు చూసింది. చెల్లెలు తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దనా, నావల్ల కాదనా?

"విన్నారు కదమ్మా?" అన్నాడు మాస్టరు, ఫోను మళ్ళీ తన చేతిలోకి తీసుకుని. "తెల్లగొడుగు గారికి మీరే చెప్పాలి. ఆవిడ లేకపోతే నేనెప్పుడో చేతులెత్తేసేవాణ్ణి. చెప్పండమ్మా, మీకూ వినబడింది కదా?"

అక్క రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ఫోను వైపు వంగింది.

"మాస్టారూ," అంది.